వీఆర్‌ఎస్ కాగితం మీద సంతకం పెట్టే ముందు

నోటీసు బోర్డు మీద సర్క్యులర్ అంటించారు. స్వచ్ఛంద పదవీ విరమణ పథకం, అర్హతకు వయసు ఇంత, సర్వీసు ఇంత, దరఖాస్తుకు ఆఖరు తేదీ ఫలానా. ఆ సాయంత్రం నుంచి క్యాంటీన్‌లో, షిఫ్టు బస్సులో, క్వార్టర్ల దగ్గర టీకొట్టులో ఒకటే మాట: "నీకెంతొస్తుంది?" మీరూ ఆ ప్రశ్న దగ్గరే ఆగి ఉంటే, దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఎంతొస్తుందో అకౌంట్స్ సెక్షన్ వాళ్లు లెక్కగట్టి చేతికిస్తారు. ఆ డబ్బుతో ఎన్ని నెలలు గడుస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు, అది మీరే కట్టుకోవాలి. వీఆర్‌ఎస్ తీసుకుని ఇబ్బంది పడ్డవాళ్లలో చాలామంది మొదటి అంకె చూసి సంతకం పెట్టినవాళ్లే. ఈ అధ్యాయంలో రెండో అంకె ఎలా కట్టాలో, కట్టాక ఏం చేయాలో చూద్దాం.

ముందుగా, ఈ పథకం ఎవరి అవసరం కోసం పుట్టింది? కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు వీఆర్‌ఎస్ నిబంధనలు 1988లోనే వచ్చాయి. 1991 సంస్కరణల తర్వాత అది మామూలు పద్ధతి అయిపోయింది. కారణం సూటిగానే ఉంది. వందమంది, అంతకు మించి కార్మికులున్న కర్మాగారంలో ఉద్యోగాలు తీసేయాలన్నా, మూసేయాలన్నా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అని పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ వందను 300 చేశారు. అనుమతి కోసం తిరగడం కంటే డబ్బిచ్చి సంతకం తీసుకోవడం యాజమాన్యానికి తేలిక. 1992లో కేంద్రం నేషనల్ రెన్యువల్ ఫండ్ అని ఒక నిధి పెట్టింది. ఉద్యోగం పోయినవాళ్లకు కొత్త పని నేర్పించి మళ్లీ నిలబెట్టడం దాని ఆశయాల్లో ముఖ్యమైనది. ఆచరణలో ఆ డబ్బులో సింహభాగం వీఆర్‌ఎస్ చెల్లింపులకే పోయింది, 2000లో నిధినే ఎత్తేశారు. దీన్నుంచి మీరు తీసుకోవాల్సింది రెండు సంగతులు. ఇది మీకు చేస్తున్న ఉపకారం కాదు, మీ దగ్గర మిగిలిన సర్వీసును సంస్థ కొనుక్కుంటోంది. కాబట్టి ధర అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఇక రెండోది: బయటికి వెళ్లాక ఎవరో శిక్షణ ఇచ్చి పని చూపిస్తారన్న భరోసాతో లెక్కలు వేయొద్దు.

1. కాగితం చివర ఉన్న మొత్తాన్ని పెన్సిల్‌తో కొట్టేయండి.

అకౌంట్స్ వాళ్లిచ్చే కాగితంలో వరసగా ఉంటాయి: వీఆర్‌ఎస్ పరిహారం, గ్రాట్యుటీ, పీఎఫ్, సెలవుల డబ్బు. అడుగున గీత గీసి మొత్తం వేస్తారు. ఆ మొత్తం చూస్తే ఎవరికైనా గుండె కొట్టుకుంటుంది. జన్మలో ఒక్కసారిగా అంత డబ్బు చూసి ఉండరు మరి. కానీ అందులో గ్రాట్యుటీ మీదే, పీఎఫ్ మీదే, సెలవుల డబ్బూ మీదే. ఈ రోజు వెళ్లినా, అరవై ఏళ్లకు వెళ్లినా అవి మీకు రావాల్సినవే. ఉండిపోతే ఇంకా పెరుగుతాయి కూడా. వీఆర్‌ఎస్ వల్ల కొత్తగా వచ్చేది మొదటి వరస ఒక్కటే. కాబట్టి అడుగునున్న మొత్తం కొట్టేసి, ఆ మొదటి వరస చుట్టూ సున్నా చుట్టండి. మీరు బేరం ఆడుతున్నది ఆ సొమ్ము గురించే.

ఆ వరసకు లెక్క ఎలా కడతారు? ప్రభుత్వ రంగంలో ఎక్కువగా వాడేది గుజరాత్ పద్ధతి. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు 35 రోజుల జీతం, మిగిలిన ప్రతి ఏడాదికి 25 రోజుల జీతం. జీతం అంటే బేసిక్, డీఏ మాత్రమే. ఇంటి అద్దె అలవెన్సు, ఓవర్‌టైమ్, ఇన్సెంటివ్ కలవవు. అలా కట్టింది మీకు మిగిలిన నెలల జీతం కంటే ఎక్కువైతే, మిగిలిన నెలల జీతం దగ్గరే ఆపేస్తారు. ఇప్పుడు ఒకే సంస్థలో ముగ్గుర్ని ఊహించుకోండి. ముగ్గురికీ బేసిక్, డీఏ కలిపి నెలకు 60,000 అనుకుందాం, రిటైర్మెంటు అరవైకి, నెలకు 30 రోజుల లెక్క. 57 ఏళ్ల ఫోర్‌మన్‌కు 33 ఏళ్ల సర్వీసు. సూత్రం ప్రకారం 1,230 రోజులు, అంటే 41 నెలలు వస్తుంది. ఆయనకు మిగిలింది 36 నెలలే కాబట్టి 36 నెలల జీతం ఇస్తారు, అంటే 21 లక్షల 60 వేలు. 52 ఏళ్ల టెక్నీషియన్‌కు 28 ఏళ్ల సర్వీసు. 980 రోజులూ 200 రోజులూ కలిసి 1,180 రోజులు, డబ్బుల్లో 23 లక్షల 60 వేలు, నెలల్లో 39 చిల్లర. 45 ఏళ్ల క్రేన్ ఆపరేటర్‌కు 20 ఏళ్ల సర్వీసు. 1,075 రోజులు, 21 లక్షల 50 వేలు, రమారమి 36 నెలలు.

చూశారా? ముగ్గురి చేతికీ వచ్చేది దాదాపు ఒకటే. క్యాంటీన్‌లో ముగ్గురూ ఒకరి అంకె ఒకరు అడిగితే "నీకూ అంతే, నాకూ అంతే" అనుకుని భుజాలు తట్టుకుంటారు. కానీ ఫోర్‌మన్ 36 నెలల పనికి 36 నెలల జీతం తీసుకుంటున్నాడు. టెక్నీషియన్ 96 నెలల జీతం వదులుకుని 39 నెలలది తీసుకుంటున్నాడు, వందకు నలభై చొప్పున. క్రేన్ ఆపరేటర్ 180 నెలలు వదులుకుని 36 తీసుకుంటున్నాడు, వందకు ఇరవై. ఫోర్‌మన్‌కు ఇది దాదాపు కళ్లు మూసుకుని ఒప్పుకోదగ్గ బేరం. క్రేన్ ఆపరేటర్‌కు, బయట ఖాయంగా పని దొరికితే తప్ప, భారీ నష్టం. ఈ ఒక్క భాగహారం మీరు చేసుకోండి. పరిహారం ఎన్ని నెలల జీతమో చూసి, దాన్ని మీకు మిగిలిన సర్వీసు నెలలతో భాగించండి. పక్క సీటు ఆయన ఏం చేస్తున్నాడన్నది మీకు పనికిరాని సమాచారమని అప్పుడు మీకే అర్థమవుతుంది.

2. పెన్షన్ మొదలయ్యే దాకా మధ్యలో ఉన్న ఖాళీని నెలల్లో రాయండి.

2019 చివర్లో బీఎస్‌ఎన్‌ఎల్ వీఆర్‌ఎస్ ప్రకటిస్తే ఒక్క నెలలో 78 వేల మందికి పైగా ఒప్పుకున్నారు, 2020 జనవరి 31న బయటికొచ్చారు. ఆ సంస్థ సిబ్బందిలో సగం మంది! సూత్రం అక్కడా 35, 25 రోజులదే. "అంతమంది వెళ్లారంటే మంచి పథకమే కదా" అని ఆ ఉదాహరణ ఇప్పటికీ చెబుతుంటారు. వాళ్లలో అత్యధికులు టెలికాం శాఖ నుంచి వచ్చినవాళ్లు, వాళ్లకు ప్రభుత్వ పెన్షన్ ఉంది. వయసు యాభై దాటినవాళ్లకే అవకాశం ఇచ్చారు. ఉద్యోగం మానేసినా నెలనెలా చేతికి ఏదో ఒకటి వస్తూనే ఉంటుందన్న ధీమా వాళ్లది. మీకుందా ఆ ధీమా? ప్రైవేటు ఫ్యాక్టరీల్లో, చాలా ప్రభుత్వ రంగ కర్మాగారాల్లో కార్మికుడికి ఖాయంగా ఉన్నది 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకం, మనం ఈపీఎస్ అనుకునేది. అందులో పూర్తి పెన్షన్ 58 ఏళ్లకు. జీతం ఎంతున్నా లెక్క కట్టేది 15,000 పరిమితి మీద కాబట్టి, అధిక పెన్షన్ ఆప్షన్ ఖరారైనవాళ్లను మినహాయిస్తే, ముప్పై అయిదేళ్లు పనిచేసినా నెలకు ఏడెనిమిది వేలు దాటడం అరుదు. యాభై నిండితే ముందుగానే తీసుకోవచ్చు, కానీ 58కి తగ్గిన ప్రతి ఏడాదికీ నాలుగు శాతం చొప్పున కోత పడుతుంది. ఆ కోత జీవితాంతం ఉంటుంది. 52కే మొదలుపెడితే అయిదో వంతుకు పైగా పోయినట్టే. చేయి ఆడనప్పుడు ముందుగా ఆశపడేది దీనికే, అందుకే ముందే చెబుతున్నాను.

మన టెక్నీషియన్ దగ్గరికి వద్దాం. ఆయనకు 52, పెన్షన్ 58కి. మధ్యలో 72 నెలలు. పరిహారంలో అయిదు లక్షల దాకా పన్ను లేదు, ఆపైన ఉన్నది ఆ ఏడాది ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది. పన్ను పోగా 21 లక్షలు మిగిలిందనుకుందాం. ఇంటి లోను, సొసైటీ లోను కలిపి ఆరు లక్షలు బాకీ, అవి తీర్చేస్తే చేతిలో 15 లక్షలు. వాయిదాలు పోయాక ఇంటి ఖర్చు నెలకు 30,000. ఈ 15 లక్షల మీద ఏడు శాతం వడ్డీ వస్తే నెలకు 8,750. మిగతా 21 వేలు ఎక్కడి నుంచి తెస్తాడు? సరే, అసలు కూడా కొంచెం కొంచెంగా తినేస్తూ 72 నెలలకు సరిగ్గా అయిపోయేలా సర్దుకుంటే నెలకు పాతిక వేల అయిదు వందల దాకా తీయొచ్చు. అంటే ధరలు ఒక్క రూపాయి కూడా పెరగవనుకున్నా, మొదటి నెల నుంచే నాలుగున్నర వేలు లోటు. 58 నిండేసరికి పరిహారం మొత్తం హరించుకుపోయి, గ్రాట్యుటీ, పీఎఫ్, ఆ చిన్న పెన్షన్ మాత్రమే మిగులుతాయి. ఈ మధ్యలో ఒక పెళ్లి, ఒక ఆపరేషన్, ఒక ఇంజినీరింగ్ సీటు లేవనుకుంటేనే ఈ లెక్క.

ఇదంతా భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ లెక్క కట్టిన టెక్నీషియన్‌కు ఒక సంగతి స్పష్టంగా తెలుస్తుంది: తాను బయటికెళ్లి నెలకు కనీసం 20 వేలు సంపాదించగలిగితే వీఆర్‌ఎస్ పనికొస్తుంది, లేకపోతే రాదు. ఇప్పుడు ఆయన ముందున్న ప్రశ్న ఎంత చిన్నదైపోయిందో చూడండి. "వెళ్లాలా, ఉండాలా" అని రాత్రంతా దొర్లడం మానేసి, "నాకు 20 వేలిచ్చే పని ఎక్కడుంది" అని పొద్దున్నే వెతకడం మొదలుపెట్టొచ్చు. మీ ఇంటి అంకె మీరు కట్టండి. ఒక్కరే కూర్చుని కట్టొద్దు. పాలవాడికి, గ్యాసుకు, పిల్లల ఫీజులకు, పండగలకు ఎంతవుతుందో మీకంటే మీ ఇంటావిడకు బాగా తెలుసు. ఆవిడ ముందు కూర్చుని, గత పన్నెండు నెలల బ్యాంకు పాస్‌బుక్ తెరిచి కట్టండి.

3. "ఇప్పుడు తీసుకోకపోతే రేపు ఇదీ రాదు" అన్న మాటను తూకం వేయండి.

వీఆర్‌ఎస్ గడువు సమయంలో గట్టిగా వినిపించే వాదన ఇదే. దీన్ని కొట్టిపారేయడం తప్పు. కర్మాగారం మూతపడితే చట్టప్రకారం రావాల్సిన పరిహారం పూర్తయిన ఏడాదికి 15 రోజుల సగటు జీతం. మన టెక్నీషియన్‌కు అది 420 రోజులు, అంటే ఎనిమిది లక్షల 40 వేలు. వీఆర్‌ఎస్‌లో వచ్చే 23 లక్షల 60 వేలతో పోలిస్తే మూడో వంతు పైచిలుకు. పైగా మూతపడ్డ కంపెనీ నుంచి డబ్బు రాబట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో ఆగిపోయింది. అదే స్థలంలో కొత్త సంస్థ ఎరువుల ఉత్పత్తి మొదలుపెట్టడానికి 2021 దాకా పట్టింది. అంతకాలం ఎదురుచూడగల కార్మికుడెవడు? కాబట్టి సంస్థ నిజంగా మునుగుతోంటే వీఆర్‌ఎస్ తీసుకోవడం వివేకమే.

కానీ ఆ "నిజంగా" అన్నదాన్ని ఎవరి మాట మీద నమ్ముతున్నారు? వీఆర్‌ఎస్ ప్రకటించడమే మునిగిపోవడానికి రుజువు కాదు. విశాఖ ఉక్కును వందశాతం అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించింది. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది, ఆ ఏడాదే వీఆర్‌ఎస్ కూడా తెరిచింది, వెయ్యిమందికి పైగా వెళ్లిపోయారు. అమ్మకం వార్త విని ఒకడు, ప్యాకేజీ వార్త విని ఒకడు, ఇద్దరూ పత్రికలో హెడ్డింగు చూసి తమ బతుకు నిర్ణయించుకుంటే ఎలా? మీ సంస్థ ఆరోగ్యం తెలుసుకోవడానికి మీ చేతిలోనే కొన్ని ఆధారాలున్నాయి. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి. మీ జీతంలో కోసిన డబ్బు, కంపెనీ వాటా నెలనెలా జమ అవుతున్నాయా, నెలలు నెలలు ఆగుతున్నాయా? సొసైటీ లోను వాయిదా జీతంలో కోస్తున్నారు సరే, అది సొసైటీకి చేరుతోందా? గ్రాట్యుటీకి విడిగా ట్రస్టు ఉందా, అందులో డబ్బుందా? ముడిసరుకు లారీలు, రేకులు మునుపటిలా వస్తున్నాయా? కార్మికుడి డబ్బు కోసి కూడా కట్టలేని సంస్థ గురించి ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు. అవన్నీ సజావుగా ఉంటే, "రేపు ఇదీ రాదు" అన్నది మీ చేత తొందరగా సంతకం పెట్టించే మాట మాత్రమే.

ఇంకో వాదన కూడా వింటారు: "పెద్దవాళ్లు తప్పుకుంటే కుర్రాళ్లకు ఉద్యోగాలొస్తాయి." దీనికి లొంగి అపరాధ భావంతో సంతకం పెట్టకండి. వీఆర్‌ఎస్ వల్ల ఖాళీ అయిన స్థానాన్ని మళ్లీ భర్తీ చేయకూడదన్నది పన్ను మినహాయింపు నిబంధనల్లోనే ఉంది. మీ కుర్చీ మీతోనే పోతుంది. జోనాథన్ గ్రూబర్, డేవిడ్ వైజ్ 12 సంపన్న దేశాల సమాచారం మీద నడిపిన అధ్యయనాల్లో కూడా, పెద్దవాళ్లను ముందుగా ఇంటికి పంపడం వల్ల యువతకు ఉద్యోగాలు పెరిగాయనడానికి ఆధారం దొరకలేదు. మీ ఊరి కుర్రాళ్ల గురించి మీకున్న బాధ నిజమే. దానికి మందు మాత్రం ఇది కాదు.

4. అడగాల్సినవి రాతపూర్వకంగా, ముందే అడగండి.

ఏ స్కేలు మీద లెక్క కడుతున్నారు? ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో చెప్పడానికి హైదరాబాద్‌లోని హెచ్‌ఎంటీ బేరింగ్స్ చాలు. 2016 జనవరిలో దాన్ని, హెచ్‌ఎంటీ వాచెస్‌ను మూసేయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించినప్పుడు, ఉద్యోగులకు 2007 వేతన స్కేళ్లు ఉన్నట్టు భావించి వీఆర్‌ఎస్ లెక్క కట్టాలని ఆ నిర్ణయంలోనే రాయాల్సి వచ్చింది. ఖాయిలా సంస్థల్లో వేతన సవరణలు ఏళ్ల తరబడి ఆగిపోతాయి, పాత బేసిక్ మీద కడితే పరిహారం బాగా తగ్గిపోతుంది. మీ సంస్థలో సవరణ పెండింగ్‌లో ఉంటే అది సంతకానికి ముందే తేలాలి. "తర్వాత ఏరియర్స్ కలుపుతారులే" అనుకోవద్దు. ఎరువుల సంస్థల ఉద్యోగులకు సంబంధించిన ఎ.కె. బిందాల్ కేసులో 2003లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. వీఆర్‌ఎస్ డబ్బు తీసుకున్నాక సంస్థతో సంబంధం పూర్తిగా తెగిపోయినట్టే, వెనకటి జీతాల సవరణ అడగడానికి వీల్లేదంది. ఆ ఒక్క తీర్పు గుర్తుంచుకుంటే చాలు, రేపటి మీద ఏదీ వాయిదా వేయరు.

మిగతా ప్రశ్నలు త్వరగా చెబుతాను. పరిహారం ఒకేసారి ఇస్తారా, వాయిదాల్లోనా? వాయిదాలైతే ఆలస్యానికి వడ్డీ ఉందా? రోజు జీతం కట్టడానికి నెల జీతాన్ని 26 రోజులతో భాగిస్తారా, 30తోనా? రిటైరైనవాళ్లకున్న వైద్య సదుపాయం వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లకూ, వాళ్ల భార్యలకూ వర్తిస్తుందా? క్వార్టరు ఎన్ని నెలలు ఉంచుకోవచ్చు, ఆ తర్వాత పీనల్ రెంట్ ఎంత? ఏయే రికవరీలు చేస్తారు? వీటిలో ఒకటి చాలామంది మర్చిపోతారు. సహోద్యోగి లోనుకు మీరు ష్యూరిటీ సంతకం పెట్టి ఉంటే, ఆయన కట్టని బాకీ మీ సెటిల్మెంటులో ప్రత్యక్షమవుతుంది. సొసైటీకి వెళ్లి ఆ జాబితా తెచ్చుకోండి. రిలీవ్ చేసే తేదీ ఎంచుకునే వీలుంటే మార్చి ఆఖరు కంటే ఏప్రిల్ మొదట్లో వెళ్లడం మేలు, ఎందుకంటే ఏడాది జీతమంతా పరిహారంతో కలిసి పన్ను శ్లాబు పైకి పోకుండా ఉంటుంది. అయిదు లక్షల మినహాయింపు, ఒకేసారి పెద్ద మొత్తం వచ్చినప్పుడు ఇచ్చే పన్ను రిలీఫ్ రెండూ ఒకే సొమ్ము మీద కుదరవు. ఏది లాభమో ఆడిటరుకు కొంత ఫీజు ఇచ్చి కట్టించుకోవడం దండగ కాదు.

ఒత్తిడి సంగతి కూడా మాట్లాడుకోవాలి. స్వచ్ఛందం అని రాసి ఉన్నా, దూరప్రాంతాలకు బదిలీ చేస్తామనడం, పని లేకుండా కూర్చోబెట్టడం, "పేరు లిస్టులో ఉంది" అని చెవిలో ఊదడం జరుగుతుంటాయి. అలాంటి రోజున అక్కడికక్కడే సంతకం పెట్టకండి, యూనియన్ వాళ్లతో మాట్లాడి రేపు చెబుతానని వచ్చేయండి. ఒకవేళ పెట్టేసి మనసు మార్చుకున్నారా? బ్యాంకుల వీఆర్‌ఎస్ మీద నడిచిన స్వర్ణకార్ కేసులో, యాజమాన్యం ఆమోదించక ముందే దరఖాస్తు వెనక్కి తీసుకోవచ్చని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే డబ్బు తీసుకుని వాడుకున్నవాళ్లకు ఆ అవకాశం ఇవ్వలేదు. పథకాన్ని బట్టి షరతులు మారతాయి. అందుకే మనసు మారిన రోజే లిఖితపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి.

5. డబ్బు పడ్డాక ఆరు నెలలు ఎవరికీ మాటివ్వకండి.

వెళ్లడమే మంచిదని మీ లెక్క తేల్చిందనుకుందాం. బ్యాంకు మెసేజ్ వచ్చిన రోజు నుంచే చుట్టాలు, స్నేహితులు, ఏజెంట్లు మొదలవుతారు. బావమరిది రియల్ ఎస్టేట్ వెంచరు, కొడుకు స్నేహితుడి కర్రీ పాయింటు, నూటికి రెండు రూపాయల వడ్డీకి అడిగే తెలిసినాయన, పెద్ద చీటీ పాట. "నాన్నా, ఖాళీగా పడున్న డబ్బే కదా" అని కొడుకే అంటాడు. అది ఖాళీ డబ్బు కాదనీ, పెన్షన్ దాకా నడవాల్సిన ఇంటి ఖర్చనీ రెండో అడుగులో కట్టిన కాగితం చూపించి చెప్పండి. పిల్లలు అర్థం చేసుకుంటారు, అంకె వాళ్ల కళ్లముందు లేకనే అలా అడుగుతారు. ముందు ఎక్కువ వడ్డీ అప్పులు తీర్చండి. 55 దాటినవాళ్లు, పరిహారం చేతికొచ్చిన మూడు నెలల్లోపు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో పెట్టొచ్చు, పరిమితి 30 లక్షలు. వీఆర్‌ఎస్‌వాళ్లకున్న ఈ వెసులుబాటు తెలియక గడువు దాటించుకునేవాళ్లున్నారు. 55 నిండనివాళ్లకు అది లేదు, పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీములో ఒక్కరి పేర తొమ్మిది లక్షలు, జాయింటుగా 15 లక్షల దాకా పెట్టుకోవచ్చు. బ్యాంకు మునిగితే డిపాజిట్ ఇన్సూరెన్సు ఒక్కో బ్యాంకులో అయిదు లక్షలకే కాబట్టి అర శాతం ఎక్కువిస్తోందని సొమ్మంతా ఒకే చిన్న కో-ఆపరేటివ్ బ్యాంకులో పెట్టొద్దు. పీఎఫ్ మొత్తం వెంటనే తీయాల్సిన పనీ లేదు. ఉంచితే వడ్డీ వస్తుంది, ఉద్యోగం మానేశాక వచ్చే ఆ వడ్డీ మీద మాత్రం పన్ను ఉంటుంది.

6. బయటి పనికి కాగితాలు లోపల ఉండగానే సంపాదించండి.

ముప్పై ఏళ్లు ఒకే ప్లాంటులో చేసినవాళ్లకు తమ పనితనం విలువ తెలియదు. బయటివాళ్లకూ తెలియదు, ఎందుకంటే సర్వీసు సర్టిఫికెట్‌లో "సీనియర్ టెక్నీషియన్‌గా పనిచేశారు" అని ఒక్క ముక్క ఉంటుంది. రిలీవ్ అయ్యే ముందే మీ డిపార్ట్‌మెంట్ అధికారిని అడిగి, మీరు నడిపిన యంత్రాల పేర్లు, వాటి సామర్థ్యం, చేసిన ఓవర్‌హాలింగులు, మీ కింద నేర్చుకున్న అప్రెంటిస్‌ల సంఖ్య రాసిన అనుభవ పత్రం తీసుకోండి. ఎన్ని టన్నుల క్రేనో, ఎంత ప్రెషరు బాయిలరో, ఎన్ని కేవీ సబ్‌స్టేషనో అందులో ఉండాలి. ప్రైవేటు ప్లాంటు మెయింటెనెన్సు కాంట్రాక్టరు చూసేది అదే. వైర్‌మన్ పర్మిట్, బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ లాంటివి ఉంటే రెన్యువల్ చేయించుకోండి, లేకపోతే ఉద్యోగంలో ఉండగానే పరీక్ష రాయండి. ఒక హెచ్చరిక: కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లు మరో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో చేరాలంటే పరిహారం తిరిగి కట్టాలి. అదే యాజమాన్యం కింద ఉన్న మరో కంపెనీలో చేరినా పన్ను మినహాయింపుకు చిక్కొస్తుంది.

సంతకం పెట్టకూడదని తేల్చుకున్నవాళ్లకు కూడా పని ఉంది. చేరకపోతే అవకాశం చేజారిందని దిగులుపడతారు గానీ, లెక్క చూడండి. మన 52 ఏళ్ల టెక్నీషియన్ ఇంకో రెండేళ్లు పనిచేసి, అప్పుడు ఇదే సూత్రంతో మరో విడత పథకం వచ్చిందనుకోండి. 30 ఏళ్ల సర్వీసుకు 1,050 రోజులు, మిగిలిన ఆరేళ్లకు 150 రోజులు, కలిపి 1,200. పరిహారం 40 నెలల జీతం, మిగిలినవి 72 నెలలు. రెండేళ్ల క్రితం వందకు నలభై ఉన్న బేరం ఇప్పుడు వందకు యాభై అయిదు దాటింది, ఈలోగా రెండేళ్ల పూర్తి జీతం, పీఎఫ్ జమ కూడా చేతికొచ్చాయి. సంస్థ నిలబడి ఉంటే ఆగినవాడికే లాభం. నిలబడుతుందో లేదో మూడో అడుగులో చెప్పిన ఆధారాలే చెబుతాయి, వాటిని ప్రతి మూడు నెలలకూ ఒకసారి చూస్తుండండి. ఆ రెండేళ్లలో ముందు అప్పు తీర్చండి. జామీను సంతకాలు కొత్తగా పెట్టకండి. 20 వేల పని ఎక్కడుందో వెతుకుతూనే ఉండండి. ఏప్రిల్‌లో కొత్త డీఏ కలిసిన జీతం స్లిప్పు రాగానే భాగహారం మళ్లీ ఒకసారి చేసి, వచ్చిన అంకెను తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి.